మీ పెరట్లోది కేన్ టోడేనా? కొట్టే ముందు చూడాల్సినవి, పట్టుకున్నాక చేయాల్సినవి

అక్టోబరులో మొదటి గట్టి వాన పడగానే నా వాట్సాప్‌కి కప్పల ఫోటోలు రావడం మొదలవుతుంది. పంపేది బ్రిస్బేన్‌కి కొత్తగా వచ్చిన మన తెలుగువాళ్లే. సగం చీకటి, సగం ఫ్లాష్, మధ్యలో బిక్కుబిక్కుమంటూ ఒక కప్ప, సైజు తెలియడానికి పక్కన ఒక చెప్పు. కింద ఒకటే ప్రశ్న: "అక్కా, ఇది అదేనా? కొట్టేయమంటారా?"

నేను జంతుశాస్త్రం చదవలేదు. జీతాల లెక్కలు చూసే ఉద్యోగం నాది. కాకపోతే మా ఇంటి వెనకే చిన్న వాగు ఉంది, ఇంట్లో కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే కుక్క ఉంది. అందుకని వేసవి రాత్రుళ్లు చుట్టుపక్కల వాలంటీర్లతో కలిసి టార్చి పట్టుకుని తిరగడం అలవాటైంది. ఆ ఫోటోలకి నేనిచ్చే జవాబు చాలాసార్లు "కాదు, దాన్ని వదిలేయండి" అనే. అందుకే గుర్తుపట్టడం గురించే ఎక్కువ రాస్తున్నాను. చంపడం గురించి చెప్పాల్సింది తక్కువే.

ముందు కథ కాస్త తెలియాలి. కేన్ టోడ్ అనే ఈ విషపు కప్ప పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాలు. చెరుకు వేళ్లు కొరికేసే పురుగుల బెడద పోతుందన్న ఆశతో 1935లో హవాయి నుంచి నూరు పైచిలుకు టోడ్లను ఆస్ట్రేలియాకి తెచ్చారు. క్వీన్స్‌ల్యాండ్‌లో కైర్న్స్ దగ్గరున్న గోర్డన్‌వేల్‌లో పిల్లలు పెట్టించి, ఆ ఆగస్టులో సుమారు 2,400 పిల్లలను చెరుకు తోటల ప్రాంతంలో వదిలారు. పురుగేమో మట్టి లోపల ఉంటుంది, అది పెరిగి పెద్దదయ్యాక పెంకుపురుగుగా మారి చెరుకు మొవ్వుల్లో ఎత్తున ఉంటుంది. నేలమీద గెంతే టోడ్‌కి రెండూ అందలేదు. వాల్టర్ ఫ్రాగట్ అనే కీటక శాస్త్రవేత్త ఇది కొంప ముంచుతుందని అప్పుడే మొత్తుకున్నాడు. కొన్నాళ్లు వదలడం ఆపారు కూడా, కానీ 1936లో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు దేశంలో 20 కోట్లకు పైగా ఉంటాయని ఒక అంచనా. 2001లో ఉత్తరాన కకాడు నేషనల్ పార్కుకి చేరాయి, 2009కల్లా పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు దాటేశాయి.

ఆస్ట్రేలియాకి సొంత టోడ్ జాతి ఒక్కటీ లేదు. అసలు చిక్కంతా అక్కడే. ఇక్కడి ఉడుములు, మంచినీటి మొసళ్లు, ఎర్రపొట్ట నల్లపాములు, క్వోల్ అనే చుక్కల జంతువులు ఏ తరంలోనూ ఈ విషాన్ని చూసి ఎరగవు. మామూలు కప్పే అనుకుని నోట కరుచుకుంటాయి, గుండె ఆగి చచ్చిపోతాయి. గుడ్డు దగ్గర్నుంచి పెద్ద టోడ్ దాకా ప్రతి దశలోనూ విషమే.

మొహం, భుజాలు చూడండి

సైజు చూసి తీర్పు చెప్పకండి. ఎదిగిన టోడ్ సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. 2023 జనవరిలో కాన్వే నేషనల్ పార్కులో 2.7 కిలోలది దొరికితే పేపర్లన్నీ రాశాయి గానీ, అలాంటిది మన పెరట్లోకి రాదు. పైగా ఇక్కడి దేశవాళీ కప్పల్లోనూ పెద్దవి ఉన్నాయి. గరుకు చర్మం చూసి కూడా తొందరపడొద్దు, దేశవాళీ వాటిలో కొన్నింటికి బుడిపెలు ఉంటాయి. రంగు సంగతి అసలు వదిలేయండి. బూడిద, గోధుమ, పసుపు, ఇటుక రంగు, ఏదైనా కావచ్చు.

నేను ముందు టార్చి మొహం మీద వేసి కళ్ల పైన చూస్తాను. కేన్ టోడ్‌కి కనుబొమలు ఉండాల్సిన చోట గట్టి ఎముక గట్లు ఉంటాయి. అవి రెండు కళ్ల మీదుగా దిగి ముక్కు దగ్గర కలుస్తాయి. ఎదురుగా చూస్తే మొహం చిరాగ్గా ఉన్నట్టు అనిపించేది వాటివల్లే. తర్వాత భుజాలు. చెవి పొర వెనక నుంచి భుజం మీదకి రెండు వైపులా ఉబ్బెత్తు సంచులు ఉంటాయి. విషగ్రంథులు అవే. పెద్ద టోడ్‌లో ఇవి కనిపించకపోవడమంటూ ఉండదు. గట్లూ సంచులూ రెండూ ఉంటేనే కేన్ టోడ్. ఒకటుండి రెండోది లేకపోతే నేను చేయి పెట్టను.

ఇంకా తేలకపోతే కూర్చున్న తీరు, పాదాలు చూడండి. టోడ్ ముందుకాళ్లు నిలబెట్టి ఛాతీ ఎత్తి కూర్చుంటుంది, చాలా దేశవాళీ కప్పలు నేలకి అతుక్కుని కూర్చుంటాయి. టోడ్ ముందు వేళ్ల మధ్య పొర ఉండదు, వెనక వేళ్ల మధ్య తోలులాంటి పొర ఉంటుంది. వేళ్ల చివర గుండ్రటి గిన్నెల్లాంటివి కనిపిస్తే అది చెట్టు కప్ప, ఇక ఆలోచించక్కర్లేదు. గోడ మీదో, కిటికీ అద్దం మీదో అతుక్కుని ఉన్నదీ అంతే. కేన్ టోడ్ అలా ఎక్కలేదు.

మా చుట్టుపక్కల పొరపాటున బలయ్యేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి ఆర్నేట్ బరోయింగ్ ఫ్రాగ్. చిన్నది, గుండ్రటిది, ఒంటినిండా బుడిపెలు. కొత్తవాళ్లు దీన్నే 'టోడ్ పిల్ల' అంటారు. రెండోది పాబుల్‌బాంక్, బాంజో ఫ్రాగ్ అని కూడా అంటారు. దీని ఉబ్బెత్తు గ్రంథి భుజం మీద కాదు, వెనక కాలి మీద ఉంటుంది. మూడోది గ్రేట్ బార్డ్ ఫ్రాగ్. బాగా పెద్దది కాబట్టి జనం భయపడతారు, కానీ చర్మం నున్నగా, కాళ్లమీద అడ్డచారలతో ఉంటుంది, కంటి వెనక నల్ల గీత సాగుతుంది. కేన్ టోడ్‌ని పట్టుకోవడానికి పర్మిట్ అక్కర్లేదు, కానీ ఈ దేశవాళీ కప్పలకు చట్టం రక్షణ ఉంది. 'చూసుకోలేదండీ' అంటే కుదరదు.

బొటనవేలి గోరంత పిల్లల జోలికి వెళ్లకండి. ఆ వయసులో గట్లు, సంచులు సరిగ్గా ఏర్పడవు, అనుభవం ఉన్నవాళ్లే తడబడతారు. పట్టపగలు చెరువు ఒడ్డున గుంపులుగా గెంతుతుంటే అవి కేన్ టోడ్ పిల్లలయ్యే అవకాశం ఎక్కువ. అయినా తెలిసినవాళ్లకు చూపించాకే ఏదైనా.

చీకట్లో చెవి కూడా పనికొస్తుంది. మగ టోడ్ అరుపులో కప్ప అరుపులాంటి విరుపు ఉండదు. దూరంగా మోటారు ఆడుతున్నట్టు ఒకే శ్రుతిలో సన్నగా సాగుతూ ఉంటుంది. 'టక్' అనో, 'బాంక్' అనో విడివిడిగా వినిపిస్తే అది మనకు కావాల్సినది కాదు. ఆస్ట్రేలియన్ మ్యూజియం వాళ్ల ఫ్రాగ్‌ఐడీ యాప్ ఫోన్లో పెట్టుకోండి. అరుపు రికార్డు చేసి పంపితే నిపుణులు విని ఏ జాతో చెబుతారు. మా అమ్మాయి హోంవర్క్ కంటే శ్రద్ధగా చేసే పని ఇదొక్కటే.

నీళ్లలో పట్టుకోవడమే లాభం

వారాంతంలో గ్లవ్స్ వేసుకుని టోడ్లు ఏరితే ఏదో సాధించినట్టు ఉంటుంది. కానీ ఒక ఆడ టోడ్ ఒక్క విడతలో 8,000 నుంచి 30,000 దాకా గుడ్లు పెడుతుంది. మీరు రాత్రంతా తిరిగి నింపిన బకెట్ లోటుని వాగులో ఒక మూల ఉన్న ఒకే ఒక్క గుడ్ల దండ పూడ్చేస్తుంది. మీ దగ్గర వారానికి గంటే టైమ్ ఉంటే ఆ గంట నీళ్ల దగ్గర పెట్టండి.

గుడ్లను గుర్తుపట్టడం చాలా తేలిక. దేశవాళీ కప్పల గుడ్లు నురగలోనో, ముద్దగానో, పలచటి పొరగానో ఉంటాయి. కేన్ టోడ్‌వి పొడవాటి జెల్లీ తాళ్లలో ఉంటాయి. నానబెట్టిన సబ్జా గింజల్ని దారానికి గుచ్చినట్టు, లోపల నల్ల చుక్కలు వరసగా కనిపిస్తాయి. నీటి మొక్కలకు, పుల్లలకు చుట్టుకుని ఉంటాయి. వాన పడ్డ మర్నాడు పొద్దున్నే చూడాలి, ఎందుకంటే రెండు మూడు రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేస్తాయి. గ్లవ్స్ వేసుకుని తాడు తెగకుండా మొత్తం పైకి లాగి, నీటికి దూరంగా, ఎండ తగిలే పొడినేల మీద పరిచేయండి. ఎండిపోతాయి. కుక్కలు, కోళ్లు అటు రాకుండా చూసుకోండి.

గుడ్లు దాటిపోతే తోకకప్పలు, అదే టాడ్‌పోల్స్. కేన్ టోడ్‌వి చిన్నవి, వీపూ పొట్టా రెండూ నల్లగా ఉంటాయి. దేశవాళీ వాటి పొట్ట ఎక్కువగా లేత రంగులో ఉంటుంది. ఇవి లోతు లేని చోట, ఎండలో, గుంపు కట్టి తిరుగుతాయి. ఇంకో గుర్తు ఉంది, దీనికి ఒక్క నిమిషం ఓపిక కావాలి: దేశవాళీ తోకకప్పలు గాలి కోసం మాటిమాటికీ పైకి వచ్చి వెళతాయి. కేన్ టోడ్‌వి రావు, ఊపిరితిత్తులు వాటికి ఆలస్యంగా ఏర్పడతాయి. కొద్దిగా నీళ్లతో తెల్ల గిన్నెలోకి తీసుకుని చూస్తే పొట్ట రంగు స్పష్టంగా తెలుస్తుంది.

వీటిని పట్టడానికి ఒక బోను ఉంది, నాకు చాలా నచ్చిన ఐడియా. కేన్ టోడ్ తోకకప్పలు తమ జాతి గుడ్లనే తింటాయి. గుడ్లలోని విషం వాసన పట్టుకుని వాటిని వెతుక్కుంటూ వస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ క్వీన్స్‌ల్యాండ్, సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు ఆ సంగతి కనిపెట్టి, టోడ్ గ్రంథిలోని పదార్థంతోనే ఎర తయారుచేశారు. గరాటు మూతులున్న డబ్బాలో ఆ ఎర వేసి నీళ్ల అంచున పెడితే కేన్ టోడ్ తోకకప్పలే వచ్చి పడతాయి, దేశవాళీవి దాదాపుగా పట్టించుకోవు. గోల్డ్ కోస్ట్‌లోని వాటర్‌గమ్ అనే సంస్థ ఈ ఎరను జనానికి అందిస్తోంది. ప్రతి జనవరిలో టోడ్లు ఏరే కార్యక్రమం నడిపేదీ వాళ్లే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకసారి వాళ్ల బృందంతో కలిసి తిరగండి, ఇక్కడ నేను రాసిందంతా ఒక్క రాత్రిలో కళ్లతో చూస్తారు.

బ్లీచ్, ఫినాయిల్, ఉప్పు, ఇవేవీ నీళ్లలో పోయకండి. టోడ్లతో పాటు మిగతావన్నీ చస్తాయి.

పట్టడం, చంపడం

మా పక్కింటాయన ఈ పనికి గోల్ఫ్ కర్ర వాడతాడు. ఇక్కడి పాత తరంలో అదొక సరదా. కేన్ టోడ్ అయినా సరే, హింసించి చంపితే క్వీన్స్‌ల్యాండ్ జంతు సంరక్షణ చట్టం ప్రకారం తప్పే. డెట్టాల్ కొట్టడం, ఉప్పు చల్లడం, బతికుండగానే నేరుగా ఫ్రీజర్లో వేయడం కూడా వద్దు.

మా అత్తగారు వచ్చిన ఏడాది ఇంట్లో దీనిమీద పెద్ద చర్చే జరిగింది. ఊళ్లో తులసికోట పక్కన బొంత కప్ప కూర్చుంటే ఆవిడ దాని చుట్టూ ముగ్గు వేసేవారే తప్ప కదిపేవారు కాదు. "అమ్మాయ్, నోరులేని జీవాన్ని చంపడం పాపం కాదూ?" అన్నారు. ఉడుము ఒకటి టోడ్‌ని మింగి వాగు ఒడ్డున చచ్చి పడి ఉంటే తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, అయితే నొప్పి లేకుండా చెయ్యి" అన్నారు. ఈ పనికి అంతకంటే మంచి నియమం నాకు దొరకలేదు. (మన బొంత కప్ప కూడా తక్కువదేం కాదు. ఓడల సామానుతో పాటు మడగాస్కర్‌లోని టొమాసినా రేవు దగ్గర దిగింది. 2014లో బయటపడేసరికే అక్కడ పాతుకుపోయింది. ఇక్కడ కేన్ టోడ్‌తో ఉన్న భయమే అక్కడ మనదానితో.)

నొప్పి లేకుండా అంటే, ముందు చల్లబరచి ఆ తర్వాత గడ్డకట్టించడం. కప్పలు చల్లని రక్తం జీవులు, ఫ్రిజ్ చలికి వాటి మెదడు మెల్లగా మొద్దుబారిపోతుంది. టోడ్‌ని ఐస్‌క్రీమ్ డబ్బాలోనో, మందపాటి సంచిలోనో పెట్టి గట్టిగా మూసి ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అది కదలకుండా అయ్యాక ఫ్రీజర్‌లోకి మార్చి ఇంకో రోజు, పెద్దదైతే రెండు రోజులు ఉంచండి. ఫ్రిజ్ మెట్టు మాత్రం దాటేయకండి, నొప్పి లేకుండా చేసేది అదే.

ఇక మనింట్లో అసలు సమస్య: ఏ ఫ్రీజర్? కొబ్బరి కోరు, కరివేపాకు, అమ్మ పంపిన గోంగూర ఉన్న దాంట్లో ఇది పెడితే ఇంట్లోవాళ్లు నన్నే బయట పెడతారు. మేం సెకండ్‌హ్యాండ్‌లో ఒక చిన్న ఫ్రిజ్ కొని గరాజ్‌లో పెట్టాం. అది కుదరనివాళ్లు వాలంటీర్ల బృందానికి అప్పగించవచ్చు. కొన్ని కౌన్సిళ్లు కూడా తీసుకునే ఏర్పాట్లు చేస్తాయి, మీ కౌన్సిల్‌ని అడగండి. చచ్చిన తర్వాత కూడా విషం పోదు కాబట్టి కుక్క తవ్వలేనంత లోతున పాతిపెట్టండి, లేదా సంచి ముడివేసి చెత్తబిన్‌లో వేయండి.

పట్టేటప్పుడు రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. నొక్కితే భుజాల సంచుల నుంచి తెల్లటి పాలలాంటి విషం వస్తుంది, ఒక్కోసారి చిమ్ముతుంది. కళ్లద్దాలు ఉంటే పెట్టుకోండి. కంట్లో పడితే బాగా నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునేదాకా మొహం ముట్టుకోవద్దు. పిల్లలకు టార్చి పట్టుకునే పని ఇవ్వండి, పట్టే పని కాదు.

వెతకడానికి వెచ్చగా ఉండి వాన వెలిసిన రాత్రి మంచిది, చీకటి పడ్డ రెండు మూడు గంటల్లోపు. వీధి దీపం కింద, డ్రైవ్‌వే మీద, నీరు పెట్టిన లాన్‌లో ఉంటాయి. టార్చి కళ్లలో వేస్తే చాలాసార్లు కదలకుండా నిలబడిపోతాయి.

రాకుండా చూసుకోవడం

పెరట్లోకి టోడ్లు వచ్చేది మూడింటికోసం: పురుగులు, నీళ్లు, పగలు దాక్కునే చోటు. బయటి లైటు రాత్రంతా వెలుగుతుంటే పురుగులు చేరతాయి, వాటి కింద టోడ్లు చేరతాయి. లైటు ఆర్పండి. కుక్క తిండి గిన్నె రాత్రి లోపల పెట్టండి, టోడ్లు ఆ తిండి కూడా తింటాయి. నీళ్ల గిన్నెని ఎత్తు మీద పెట్టండి. టోడ్ నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. అందుకే గిన్నెలోకే దిగి కూర్చుంటుంది. మూలన పడేసిన ఇటుకలు, పైపులు, రేకులు తీసేయండి.

చిన్న చెరువు ఉంటే చుట్టూ సన్న కన్నాల మెష్ 50-60 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, అడుగు భాగం మట్టిలో పూడ్చండి. టోడ్ అంత ఎత్తు గెంతలేదు. కంచె వద్దనుకుంటే ఒడ్డు వాలుగా, బోసిగా లేకుండా దట్టంగా మొక్కలు పెంచండి.

కాకుల్ని మాత్రం తరమకండి. ఇక్కడి కాకులు టోడ్‌ని వెల్లకిలా తిప్పి, విషం ఉన్న వీపు వదిలేసి పొట్ట వైపు నుంచి తినడం నేర్చుకున్నాయి. తెల్ల ఐబిస్ కొంగలైతే టోడ్‌ని ఎగరేసి ఊపి, విషం కక్కించి, నీళ్లలో కడిగి మరీ మింగుతాయి. చెత్తబిన్లు లాగుతాయని ఐబిస్‌ని అందరూ ఇక్కడ తిడతారు గానీ, నాకు ఆ సంగతి తెలిశాక వాటిమీద గౌరవం పెరిగింది.

కుక్క నోట్లో పెట్టుకుంటే

నోటి నుంచి సొంగ ధారగా కారడం, చిగుళ్లు ఎర్రబడటం, కాళ్లతో మూతి రాసుకోవడం మొదటి గుర్తులు. తర్వాత వాంతి, తూలడం, ఫిట్స్ రావచ్చు. తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల గట్టిగా తుడవండి, గుడ్డ జాడించి మళ్లీ తుడవండి. హోస్ వాడితే నీళ్లు నోటి పక్కనుంచి బయటికి పోయేలా, తల కిందకి వంచి పట్టండి. గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, నిమ్మరసం లాంటి ఇంటి వైద్యాలు వద్దు. ఒకరు తుడుస్తుంటే ఇంకొకరు వెట్‌కి ఫోన్ చేయాలి. తూలుతున్నా, వణుకుతున్నా తుడవడం కారులోనే చేయండి, ముందు బయల్దేరండి. రాత్రి తెరిచి ఉండే వెట్ నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఒకసారి దెబ్బ తిన్న కుక్క ఇక జోలికి పోదనుకోకండి, కొన్ని మళ్లీ వాటినే వెతుక్కుంటాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా రాత్రి చివరిసారి బయటికి తీసుకెళ్లేటప్పుడు మా కుక్క మెడకి పట్టీ ఉంటుంది, నా చేతిలో టార్చి ఉంటుంది.

దక్షిణానికి వెళ్తుంటే

సెలవులకి సిడ్నీ వైపు కారులో వెళ్తున్నా, ఇల్లు మారుతున్నా బయల్దేరే ముందు బయట వదిలిన బూట్లు, కుండీల అడుగులు, టెంట్ మడతలు, ట్రైలర్ మూలలు చూడండి. ఇవి సామానుతో పాటు ప్రయాణం చేయడంలో ఆరితేరినవి. 2010 ప్రాంతంలో సిడ్నీ దక్షిణ శివార్లలోని టారెన్ పాయింట్‌లో ఒక గుంపే పిల్లలు పెట్టుకుంటూ దొరికింది. న్యూ సౌత్ వేల్స్ ఈశాన్య మూలలో అవి ఎప్పటినుంచో ఉన్నాయి, మిగతా రాష్ట్రమంతా మాత్రం టోడ్ కనిపిస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన ప్రాంతం.

అక్కడ గానీ, టోడ్లు ఇంకా చేరని మరో చోట గానీ అనుమానం కలిగితే చంపకండి, వదిలేయకండి. గ్లవ్స్‌తో పట్టుకుని, గాలి ఆడే కన్నాలున్న డబ్బాలో కొద్దిగా తడి గుడ్డ వేసి ఉంచండి. మొహం, భుజాలు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి ఆ రాష్ట్ర బయోసెక్యూరిటీ వాళ్లకి ఫోన్ చేయండి. ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో, దగ్గర్లో నిలవ నీళ్లు ఉన్నాయో లేదో వాళ్లు అడుగుతారు. అది దేశవాళీ కప్పేనని తేలితే ఎక్కడ పట్టారో సరిగ్గా అక్కడే వదిలేయాలి, కాబట్టి ఆ చోటు గుర్తుపెట్టుకోండి.